పందొమ్మిదిన్నర దినముల దూరము

లండను నగరమునుండి ఆస్ట్రేలియా ఉత్తర తీరమందలి డార్విన్ పట్టణమునకు ఆకాశమార్గమున గల దూరము సుమారు 13,900 కిలోమీటర్లు, అనగా 8,600 మైళ్లు. 2021వ సంవత్సరము నవంబరు మొదలు కొన్ని మాసములపాటు క్వాంటాస్ సంస్థవారి విమానములు ఈ రెండు విమానాశ్రయముల నడుమ ఎచ్చటను దిగకుండ రాకపోకలు సాగించినవి. పట్టిన కాలము రమారమి పదునేడు గంటలు. ప్రయాణికుడు భోజనము చేసి, ఒక నిద్ర తీసి, మరల భోజనము చేయుసరికి భూగోళపు చుట్టుకొలతలో మూడవవంతు వెనుకబడిపోవును. కిటికీలోనుండి చూడకపోయినను నష్టము లేదు.

ఈ రెండు ఊళ్ల నడుమనే 1930వ సంవత్సరమున ఇరువదియారేండ్ల యువతి యొకతె ఒంటరిగా ఒక చిన్న విమానమును నడుపుకొని పోయెను. ఆమెకు పట్టిన కాలము పందొమ్మిదిన్నర దినములు. ఆమె పేరు ఎమీ జాన్సన్. అట్లాంటిక్ సముద్రమును దాటిన లిండ్‌బర్గు పేరు నా విద్యార్థులలో పలువురు చెప్పగలరు. ఈమె పేరు చెప్పువారు అరుదు. అందుచేత ఆమె కథను కొంచెము వివరముగా చెప్పవలెనని తోచినది.

ఎమీ 1903వ సంవత్సరము జూలై 1వ తేదీన ఇంగ్లండు తూర్పుతీరమునగల హల్ నగరమున జన్మించెను. హల్ చేపల రేవు. తండ్రి జాన్సన్‌గారిది చేపల వర్తకము. నలుగురు కుమార్తెలలో ఎమీ పెద్దది. షెఫీల్డు విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము చదివి పట్టము పుచ్చుకొనెను. ఆ దినములలో పట్టము పొందిన యువతికి మిగిలిన మార్గములు రెండే: బడిపంతులమ్మ కావలెను, లేదా కార్యాలయమున టైపు యంత్రము ముందు కూర్చుండవలెను. ఎమీ రెండవ దానిని ఎంచుకొని లండను చేరి, ఒక న్యాయవాది కార్యాలయమున కార్యదర్శినిగా కుదురుకొనెను. అంతకుముందు కొన్నియేండ్లుగా ఆమె ఒక స్విట్జర్లాండు యువకుని ప్రేమించుచుండెను. అది పెండ్లివరకు రాలేదు. ఆ మనోవేదన మాన్పుకొనుటకు మందు వెదకుచుండగా, లండను శివారున స్టాగ్ లేన్ అను చోట విమానములు నేర్పు సంఘము ఆమె కంటబడినది.

ఆమె పుట్టుకతోనే పక్షివంటిదని వ్రాయుట సులభము. కాని నిజము వేరు. ఒంటరిగా విమానమును ఎగురవేయుటకు శిష్యులకు మామూలుగా పట్టు కాలముకంటె ఆమెకు ఎక్కువ పట్టినది. దాదాపు పదునారు గంటల శిక్షణ పిమ్మటగాని ఆమెను ఒంటరిగా వదలలేదు. దింపుట యందు ఆమె చేయి ఎన్నడును పూర్తిగా కుదురుకొనలేదని తరువాతి కథయే చెప్పును. అయినను ఆమె యందు వేరొక గుణము కలదు. తోటి శిష్యులు ఎగిరి దిగి ఇండ్లకు పోవుచుండగా, ఈమె షెడ్డులోనికి పోయి, నూనె మరకల దుస్తులు తొడిగి, ఇంజనును విప్పి మరల బిగించుట నేర్చుకొనెను. అచ్చట జాక్ హంఫ్రీస్ అను పెద్ద మెకానిక్కు ఆమెకు గురువు. 1929వ సంవత్సరము జూలైలో ఆమె చోదకురాలిగా అనుమతిపత్రము పొందెను. ఆ సంవత్సరాంతమునకే విమానములను పరీక్షించి మరమ్మతు చేయు ఇంజనీరుగా అనుమతిపత్రము పొందెను. బ్రిటనులో ఈ రెండవది పొందిన మొదటి స్త్రీ ఆమెయే. మొదటిదానికంటె ఈ రెండవ పత్రమే ఆమెను డార్విన్ చేర్చినదని నా అభిప్రాయము. ఎందుచేతనో ముందు చూతము.

ఆ సంవత్సరమే ఆమె చెల్లెలు ఐరీన్ ఆత్మహత్య చేసికొనెను. ఎమీ ఆ దుఃఖమును గురించి ఎక్కువగా మాటలాడలేదు. ఇక కార్యాలయమునకు మరలిపోరాదని మాత్రము నిశ్చయించుకొనెను.

ఇంగ్లండునుండి ఆస్ట్రేలియాకు విమానముపై పోయిన మొదటివారు రాస్ స్మిత్, కీత్ స్మిత్ అను సోదరులు. 1919లో ఇద్దరు మెకానిక్కులతో బయలుదేరి వారు ఇరువదియెనిమిది దినముల లోపల డార్విన్ చేరిరి. 1928వ సంవత్సరము ఫిబ్రవరిలో బెర్ట్ హింక్లర్ అను ఆస్ట్రేలియావాసి ఒంటరిగా పదునైదున్నర దినములలో ఆ దూరమును గడచెను. ఆ కాలమును తగ్గింపవలెనని ఎమీ సంకల్పము. అప్పటికి ఆమె చేసిన అతి దీర్ఘమైన ప్రయాణము లండనునుండి తన పుట్టినూరు హల్‌కు, నూటయేబది మైళ్లు! ఆకాశమున గడపిన గంటలు నూరైనను లేవు.

తండ్రి కొంత, చమురు వ్యాపారియైన వేక్‌ఫీల్డ్ ప్రభువు కొంత ధనమీయగా, 600 పౌండ్లకు ఒక పాత జిప్సీ మాత్ విమానమును కొనెను. అది నూరు గుఱ్ఱముల బలముగల ఒకే ఇంజనుతో నడచు రెండంతస్తుల రెక్కల విమానము. రెక్కలు కొయ్య చట్రముపై గుడ్డ బిగించి చేసినవి. కూర్చుండు చోటికి కప్పు లేదు, రేడియో లేదు. దూరప్రయాణమునకై అదనపు పెట్రోలు తొట్లు అమర్చిరి. వాటినుండి ఇంధనమును చేతి పంపుతో కొట్టుకొనవలెను. ఆ వాసనకు వాంతులు వచ్చుచుండెడివి. తండ్రిగారి చేపల వ్యాపారపు గుర్తు ‘జేసన్’ కావున విమానమునకు ఆ పేరే పెట్టెను. గ్రీకు పురాణ వీరుని పేరని తలచినవారు తలచిరి. హల్ నగరవాసులకు మాత్రము అది చేపల పెట్టెలపై పేరు.

మార్గనిర్ణయము చేసిన విధము కూడ వినదగినది. ఎమీ పటముపై బద్ద పెట్టి గీత గీచెను. అందరు పోవు మార్గము ఇటలీ మీదుగా తీరము వెంట పోవును. ఆమె గీత వియన్నా, ఇస్తాంబులు, సిరియా, బాగ్దాదుల మీదుగా పోవును. దానివలన దూరము తగ్గినది గాని త్రోవలో పర్వతములు, ఎడారి వచ్చి పడినవి. ఇచ్చట ఉపాధ్యాయులకు ఒక మాట. లండను, డార్విన్‌ల నడుమ గోళముపై దారము లాగి చూచినచో 8,600 మైళ్లే. ఎమీ గడచినది సుమారు 11,000 మైళ్లు. ఈ భేదము బద్ద తప్పు కాదు. ఆ చిన్న విమానము ఒక్క ఊపున కొన్ని వందల మైళ్లకు మించి పోలేదు. పెట్రోలు దొరకు చోటులను కలుపుకొనుచు వంకరటింకరగా పోవలసినదే. నేటి విమానమునకు గమ్యమే మార్గమును నిర్ణయించును. నాటి విమానమునకు పెట్రోలు పీపాలు నిర్ణయించెడివి.

1930వ సంవత్సరము మే 5వ తేదీ ఉదయమున లండను విమానాశ్రయమైన క్రోయ్‌డన్‌నుండి ఆమె బయలుదేరెను. సాగనంపుటకు వచ్చినవారు తండ్రియు, కొందరు మిత్రులును. బరువెక్కువై విమానము మొదటి మారు నేల వదలలేదు. రెండవ మారు లేచినది. ఆనాటి సాయంకాలమునకు వియన్నా, మరునాటికి ఇస్తాంబులు. మూడవనాడు తారస్ పర్వతముల ఇరుకు కనుమలో మబ్బు క్రమ్మి, కొండగోడ ఒక్కసారిగా ముందు నిలిచెను. వెండ్రుకవాసిలో తప్పుకొని ఆమె అలెప్పో చేరెను. నాలుగవనాడు బాగ్దాదు సమీపమున ఇసుక తుపాను విమానమును వేల అడుగులు క్రిందికి త్రోసినది. ఏమియు కనబడకుండగనే ఎడారిలో దిగెను. గాలికి విమానము దొరలిపోకుండ చక్రములకు తన సామాను అడ్డుపెట్టి, తోకపై కూర్చుండి, చేత రివాల్వరు పట్టుకొని, ఎక్కడనో కుక్కలు మొరుగుచుండగా తుపాను తగ్గువరకు నిరీక్షించెను. ఆ సాయంకాలమే బాగ్దాదు చేరెను.

మే 10వ తేదీన కరాచీ. బయలుదేరిన ఆరవనాడు! హింక్లర్ భారతదేశమునకు ఎనిమిది దినములలో వచ్చెను. ఇంతకుముందు సంవత్సరమే ఇంపీరియల్ ఎయిర్‌వేస్ సంస్థ లండను, కరాచీల నడుమ వారమునకొక విమానము నడుపుట ఆరంభించెను. నడుమ కొంత రైలు, కొంత సముద్రవిమానము కలిపి ఆ ప్రయాణమునకు ఏడు దినములు. పెద్ద సంస్థకు ఏడు దినములు పట్టిన దూరమును టైపు గుమాస్తా ఆరు దినములలో గడచినది. అంతవరకు ఆమెను పట్టించుకొనని పత్రికలన్నియు ఒక్క రాత్రిలో ఆమె వెంట పడినవి.

మరునాడు ఆమె ప్రయాగ చేరవలెను. పుష్పకవిమానము లంకనుండి అయోధ్యకు పోవుచు ప్రయాగలోని భరద్వాజాశ్రమమున ఆగినదని రామాయణము చదివినవారికి తెలియును. పుష్పకమునకు పెట్రోలు అక్కరలేదు. ఎమీకి మాత్రము ఎదురుగాలి తగిలి, ప్రయాగ రాకమునుపే తొట్లు వట్టిపోయినవి. క్రిందకనబడిన ఝాన్సీ సైనికుల కవాతు మైదానమున దిగుచు, సిపాయిలు చెల్లాచెదరు కాగా, దేనినో ఢీకొని రెక్క విరుగగొట్టుకొనెను. అచ్చటి వడ్రంగి చేత రెక్క బాగు చేయించుకొని, తెల్లవారి ప్రయాగలో పెట్రోలు పోసికొని, కలకత్తా చేరెను. అప్పటికిని ఆమె హింక్లర్‌కంటె ముందే ఉన్నది.

పందెము రంగూనులో పోయినది. మే నెల నడుమ బర్మాలో వానకాలము. మే 13వ తేదీన కుండపోతగా కురియు వర్షములో రంగూను గుఱ్ఱపు పందెముల మైదానమును వెదకుచు, పొరపాటున ఇన్సేను అను చోట ఒక సాంకేతిక విద్యాలయపు ఆటస్థలమున దిగెను. విమానము పరుగాపుకొనలేక కందకములో పడెను. ప్రొపెల్లరు విరిగినది, చక్రముల చట్రము వంగినది, రెక్క చినిగినది. ఆ విద్యాలయపు అధ్యాపకులును విద్యార్థులును వచ్చి పనిలో దిగిరి. రెక్కకు గుడ్డ కావలెను. విమానములకు వాడు గుడ్డ ఆ ఊర ఎచ్చట దొరకును? మొదటి ప్రపంచయుద్ధమున మిగిలిపోయిన విమానపు గుడ్డను కొని చొక్కాలు కుట్టించుకొనినవారు కొందరుండిరి. ఆ చొక్కాలను విప్పి రెక్కకు వేసిరి. ఎమీ తానుగా ఇంజను భాగములను సరిచేయుచు, చిన్నవాండ్రకు చూపుచు, రాత్రింబవళ్లు పనిచేసెను. మూడు దినములు గడచినవి. ఆ విద్యార్థులు ఆ మూడు దినములలో నేర్చిన పాఠము వారి పాఠ్యక్రమములో ఉండి ఉండదు.

ఇచ్చట నల్లబల్లపై ఒక లెక్క వేయవచ్చును. జిప్సీ మాత్ వేగము గంటకు సుమారు 80 మైళ్లు; గాలి ఎదురైనపుడు అంతకంటె తక్కువ. 11,000 మైళ్లకు రమారమి 140 గంటలు. పందొమ్మిదిన్నర దినములనగా 468 గంటలు. అనగా ప్రయాణమున మూడవవంతు కూడ ఆమె ఆకాశమున లేదు. తక్కిన కాలము ఏమైనది? ప్రతిరాత్రి దిగినపిమ్మట నాలుగైదు గంటలు ఇంజను విప్పి, కడిగి, నూనె మార్చి, బిగించుట, మూడు గంటలు నిద్ర, తెల్లవారకముందే లేచుట. విరిగినదానిని అతుకుట, బురదలోనుండి లాగుట, వాన వెలియుటకై వేచియుండుట. దూరమును రెక్కలు గడచినవని మనము చెప్పుకొందుము గాని, ఈ ప్రయాణములో ఎక్కువ భాగమును గడచినవి నేలపై ఆమె చేతులు.

తరువాతి మజిలీలను త్వరగా చెప్పెదను. బాంగ్‌కాక్, సయాం తీరమున సింగోరా, మే 18న సింగపూరు. జావాలో ఒక చక్కెర ఫ్యాక్టరీవారి నేలపై దిగగా, పాతియుంచిన వెదురుబద్దలు గుచ్చుకొని రెక్కలకు చిల్లులు పడినవి. గాయములకు అంటించు ప్లాస్టరు పట్టీలను తెచ్చి ఆ చిల్లులకు అంటించిరి. తైమూరు దీవిలో విమానాశ్రయము కానరాక, చీకటిపడువేళ హలిలులిక్ అను పల్లెచెంత చెదలపుట్టల నడుమ దిగెను. ఈటెలు పట్టుకొని పరుగెత్తివచ్చిన గ్రామస్థులు ఆమెను చూచి నవ్వి, చేయిపట్టుకొని ఒక క్రైస్తవ గురువు ఇంటికి తీసికొనిపోయిరి. అచ్చటినుండి వార్త పంపుటకు సాధనము లేదు. ఒక దినమంతయు ఎమీ జాన్సన్ సముద్రమున మునిగినదని లోకము తలచెను.

మే 24వ తేదీన తైమూరు సముద్రము. దాదాపు 750 కిలోమీటర్ల నీరు, ఒకే ఇంజను, ఆగినచో చెప్పుకొనుటకు రేడియో లేదు. సగము దూరమున ఒక చమురు ఓడ కనబడగా, క్రిందికి దిగి దానిపైని మనుష్యులు చేతులూపుచుండుట చూచి ధైర్యము తెచ్చుకొనెను. ఆనాటి మధ్యాహ్నము డార్విన్ పట్టణపు ఫానీ బే మైదానమున ‘జేసన్’ దిగెను. ఇంగ్లండునుండి ఆస్ట్రేలియాకు ఒంటరిగా ఎగిరివచ్చిన మొదటి స్త్రీ ఎమీ. కాని హింక్లర్‌కంటె నాలుగు దినములు ఆలస్యము. తాను ఓడిపోయితినని ఆమె నిజముగా తలచెను. జనుల కోలాహలము ఆమెకు అర్థము కాలేదు.

ఆ కోలాహలమే పిమ్మట ఆమెను కృంగదీసినది. అయిదు దినములైన తరువాత బ్రిస్బేనులో వేలకొలది జనుల ఎదుట దిగుచు విమానమును బోర్లవేసెను. ఇంగ్లండు మరలివచ్చినపిమ్మట డెయిలీ మెయిల్ పత్రిక 10,000 పౌండ్లిచ్చి ఊరూర ప్రదర్శనములకు కుదుర్చుకొనగా, కొన్నాళ్లకే శరీరమును మనస్సును అలసి ఆమె ఆ పర్యటనను మానుకొనెను. రాజు సి.బి.ఇ. బిరుదమిచ్చెను, ఆమె పేరిట పాటలు పుట్టినవి. సిడ్నీ బాలబాలికలు చందాలు వేసికొని ఇచ్చిన బంగారు నాణెములతో ఆమె ఒక పాత్ర చేయించి, ఏటేట సాహసము చూపిన హల్ నగరపు బిడ్డకు ఈయవలెనని ఏర్పాటు చేసెను. ఆమెకు లభించిన సన్మానములలో మన బడిపిల్లలకు చెప్పదగినది ఇదియే.

1931లో గురువు హంఫ్రీస్‌తో కూడి ఒక్క దినములో మాస్కో చేరి, సైబీరియా మీదుగా టోక్యో పోయెను. 1932లో జిమ్ మాలిసన్ అను ప్రసిద్ధ వైమానికుని పెండ్లాడి, నాలుగు మాసములు తిరుగకుండగనే దక్షిణాఫ్రికాలోని కేప్ టౌనుకు ఒంటరిగా ఎగిరి, ఆ మార్గమున భర్త స్థాపించిన కాలమును పదిగంటలకు పైగా తగ్గించెను. ఇంటియందు ఇది ఎట్లు పరిణమించినదో ఊహింపవచ్చును. 1933లో దంపతులిరువురు కలిసి అట్లాంటిక్ దాటుచు, న్యూయార్కు ఇంకను కొద్ది మైళ్లుండగా ఇంధనము తరిగి, బ్రిడ్జ్‌పోర్టు వద్ద విమానము కూల్చుకొని గాయపడిరి.

1934వ సంవత్సరము అక్టోబరున ఇంగ్లండునుండి మెల్బోర్నుకు గొప్ప విమానపు పందెము జరిగెను. మాలిసన్ దంపతులు అందరికంటె ముందు కరాచీ చేరిరి. పట్టిన కాలము ఇరువదిరెండు గంటల చిల్లర! నాలుగేండ్లకు ముందు ఇదే ఎమీకి ఇదే దూరమునకు ఆరు దినములు పట్టియుండెను. కాని ప్రయాగయొద్ద ఇంజనులు చెడిపోయి వారు పందెమునుండి తప్పుకొనవలసివచ్చెను. ఝాన్సీనాడు అందని ప్రయాగ ఈసారి అందినది గాని దాటనీయలేదు. గెలిచినవారు డెబ్బదియొక్క గంటలలో మెల్బోర్ను చేరిరి. మరుసటి సంవత్సరము ఇంపీరియల్, క్వాంటాస్ సంస్థలు కలిసి లండను, బ్రిస్బేనుల నడుమ ప్రయాణికులను పన్నెండున్నర దినములలో చేర్చుట ఆరంభించినవి. టిక్కెట్టు కొన్న ఏ వర్తకుడైనను ఇక హింక్లర్‌ను మించగలడు. వీరుల కాలము అట్లు ముగిసినది.

1936లో ఎమీ కేప్ టౌను మార్గమున చివరిసారి కొత్త కాలమును స్థాపించెను. 1938లో వివాహబంధము తెగినది. 1939లో ప్రపంచపు ఆకాశమార్గములను గురించి ఒక గ్రంథము ప్రకటించెను. ఆ సంవత్సరమే యుద్ధము వచ్చినది. 1940లో ఆమె విమానరవాణా సహాయదళమున చేరెను. ఫ్యాక్టరీలనుండి, మరమ్మతు కేంద్రములనుండి విమానములను సైనిక స్థావరములకు చేర్చుట ఆ దళము పని. పత్రికలకు పనికివచ్చునది కాదు. చిన్న చిన్న దూరములు.

1941వ సంవత్సరము జనవరి 5వ తేదీ. ఎమీ ఒక రెండింజనుల ఆక్స్‌ఫర్డు విమానమును ఆక్స్‌ఫర్డు నగరము చెంతగల కిడ్లింగ్టనుకు చేర్చవలెను. ముందటి రాత్రి బ్లాక్‌పూలులో చెల్లెలి ఇంట గడపెను. అచ్చటినుండి కిడ్లింగ్టను సుమారు 240 కిలోమీటర్లు. హైదరాబాదునుండి విజయవాడకు గల దూరమునకు కొంచెము తక్కువ. ఆ విమానమునకు గంటసేపటి పని. వాతావరణము బాగుండలేదు, మంచు, మబ్బు. విమానమున రేడియో లేదు. మధ్యాహ్నమునకు కొంచెము ముందు ఆమె బయలుదేరెను.

గంట గడచినది. రెండు, మూడు గంటలు గడచినవి. మేఘముల పైన దారి తెలియక ఆమె ఎచ్చట తిరుగుచుండెనో చూచినవారు లేరు. సాయంకాలము మూడున్నర ప్రాంతమున, గమ్యమునకు తూర్పుగా నూరు మైళ్లకు పైగా దూరమున, థేమ్స్ నది సముద్రమున కలియుచోట హెర్న్ బే సమీపమున, ఒక పారాచూటు దిగుచుండుట హాసిల్‌మియర్ అను నౌకవారు చూచిరి. నీటిలో మనిషి కనబడగా త్రాళ్లు విసరిరి. ఆమె పట్టుకొనలేకపోయెను. నౌకాధిపతి వాల్టర్ ఫ్లెచర్ ఆ మంచునీటిలో తానే దుమికెను. ఆయనను పైకి తీసిరి గాని చలికి ఆయన బ్రతుకలేదు.

ఎమీ దేహము దొరకలేదు. ఆమె సంచియు, ప్రయాణములు వ్రాసికొను పుస్తకమును నీటిపై తేలుచుండగా తీసిరి. గుడ్డ రెక్కల ‘జేసన్’ లండను సైన్సు మ్యూజియమున, పైకప్పుకు వ్రేలాడగట్టి యున్నది.